కారెన్ కార్పెంటర్ డ్రమ్స్ ఎందుకు వదలవలసి వచ్చింది?

ప్రశ్న: సికింద్రాబాద్‌వాసి

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, రెండేళ్ళుగా డ్రమ్స్ నేర్చుకుంటోంది. పోయిన వారం తను నాకొక పాత వీడియో చూపించింది. 1976లో అమెరికా టెలివిజన్‌లో వచ్చిన కార్యక్రమం. అందులో పొడవాటి జుట్టున్న ఒక సన్నటి యువతి ఒక డ్రమ్ సెట్టు దగ్గర మొదలుపెట్టి, ఇంకో సెట్టు దగ్గరికి, అక్కడి నుంచి మరో సెట్టు దగ్గరికి వెళుతూ, ముఖంలో ఎక్కడా అలసట కనిపించకుండా, నవ్వుతూ వాయిస్తోంది. "అమ్మా, ఈవిడ ఎవరో నీకు తెలుసా?" అని మా అమ్మాయి అడిగింది. పేరు చూసి ఆశ్చర్యపోయాను. ఆమె కారెన్ కార్పెంటర్.

నేను చదువుకున్న బడిలో సంగీతం టీచరు 'టాప్ ఆఫ్ ద వరల్డ్' పాటను మాచేత బృందగానంగా పాడించారు. ఆ తరువాత ఇంట్లో ఒక క్యాసెట్ ఉండేది, దానిని టేపు సాగిపోయేదాకా విన్నాను. నాకు తెలిసిన కారెన్ కార్పెంటర్ అంటే ఒక గొంతు, అంతే. అన్న రిచర్డ్‌తో కలిసి 'కార్పెంటర్స్' అనే బృందంలో ఆమె పాడేదని, ముప్పై రెండేళ్ళకే పోయిందని మాత్రమే తెలుసు. ఆమె డ్రమ్స్ వాయించేదని ఇన్నేళ్ళుగా నాకు తెలియదంటే నాకే బాధగా ఉంది.

మా అమ్మాయి వెంటనే వేసిన ప్రశ్న ఇది: "ఇంత బాగా వాయించే మనిషి మిగతా వీడియోల్లో మైకు పట్టుకుని ఊరికే ఎందుకు నిలబడి ఉంది?" దీనికి నా దగ్గర జవాబు లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఇంకొక మాట కూడా ఉంది, అది అడగడానికి కాస్త సంకోచిస్తున్నాను. ఆమె మరణానికి కారణం తిండికి సంబంధించిన జబ్బని చదివాను. మా అమ్మాయి ఈ మధ్య అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతోంది. రెండోసారి అన్నం వడ్డించబోతే కంచం పక్కకు జరుపుతోంది. ఆమెకు ఈ కథ ఎంతవరకు చెప్పాలి, ఎలా చెప్పాలి?

జవాబు: మృదంగం, రాజమండ్రి

అమ్మా, మీ అమ్మాయి అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. నేను ముప్పై ఏళ్ళుగా కచేరీల్లో మృదంగం వాయిస్తున్నాను. పాశ్చాత్య సంగీతంతో నాకు పరిచయం తక్కువే అయినా కారెన్ కార్పెంటర్‌ను మాత్రం వదలకుండా విన్నాను, ఆమె గురించి దొరికినదల్లా చదివాను. అందుకు కారణం ఆమె చేతులే.

ఆమె 1950 మార్చి 2న కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పుట్టింది. ఇంట్లో సంగీతం అంటే అన్న రిచర్డ్ పియానో. అతనికన్నా ఆమె మూడున్నరేళ్ళు చిన్నది. 1963లో ఆ కుటుంబం కాలిఫోర్నియాలోని డౌనీ పట్టణానికి తరలివెళ్ళింది. రిచర్డ్ సంగీత భవిష్యత్తుకు లాస్ ఏంజెలెస్ దగ్గరగా ఉండాలన్నది అందుకొక ముఖ్య కారణం. కారెన్ అక్కడి హైస్కూల్లో చేరి, వ్యాయామం క్లాసు తప్పించుకోవడానికి బడి బ్యాండులో చేరింది. మొదట ఆమె చేతికిచ్చింది గ్లాకెన్‌స్పీల్, అంటే ఇనుప పట్టీల మీద చిన్న సుత్తులతో కొట్టే వాద్యం. అది ఆమెకు నచ్చలేదు. ఆ వరుసలోనే డ్రమ్స్ వాయించే తోటి విద్యార్థిని చూసి, అది నేనూ చేయగలనని పట్టుబట్టింది. ఇంటికి వచ్చి, చైనా భోజనానికి వాడే చాప్‌స్టిక్స్‌తో ఎత్తుపీటల మీద వాయిస్తూ సాధన చేసేది. పళ్ళెం మీదో, బల్ల మీదో వేళ్ళతో తాళం వేయకుండా కూర్చోలేని పిల్లలు మన ఇళ్ళల్లోనూ ఉంటారు కదా, మీ అమ్మాయికి ఈ సంగతి తప్పక చెప్పండి.

ఆమె సాధన చేసింది తేలికపాటి లయలు కూడా కావు. డేవ్ బ్రూబెక్ బృందపు 'టేక్ ఫైవ్' అనే జాజ్ రచన అయిదు మాత్రల (తాళపు లెక్కల) నడకలో సాగుతుంది, మన ఖండచాపు అన్నమాట. అందులో డ్రమ్స్ వాయించిన జో మోరెల్లో అంటే ఆమెకు ప్రాణం. నాలుగు మాత్రల నడక తప్ప మరేదీ చెవిన పడని పిల్లకు అయిదు మాత్రలు ఒంటబట్టడం ఎంత కష్టమో నేర్పేవాళ్ళకు తెలుసు, సమం, అంటే తాళం మొదటి దెబ్బ, దగ్గరికి వచ్చేసరికి చేయి తడబడుతుంది. ఈమెకు అది ఆటగా వచ్చింది. తల్లిదండ్రులు లుడ్విగ్ కంపెనీ సెట్టు కొనిచ్చారు. 1966 జూన్‌లో, పదహారేళ్ళ వయసులో, హాలీవుడ్ బౌల్ రంగస్థలం మీద జరిగిన బృందాల పోటీలో రిచర్డ్ పియానోతో, వెస్ జేకబ్స్ బేస్, ట్యూబా వాద్యాలతో, కారెన్ డ్రమ్స్‌తో ముగ్గురూ కలిసి గెలిచారు. ఆ రోజు ఆమె గెలిచింది వాద్యకారిణిగా. పాటతో పేరు తరువాత వచ్చింది.

1969 ఏప్రిల్‌లో హెర్బ్ ఆల్పర్ట్ ఈ అన్నాచెల్లెళ్ళను తన రికార్డు కంపెనీ ఎ అండ్ ఎమ్ రికార్డ్స్‌లోకి తీసుకున్నాడు. మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ అన్నీ కారెన్‌వే. ఆ ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాది వచ్చిన 'క్లోజ్ టు యు' పాట నాలుగు వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ పాటకు ఆల్పర్ట్ సూచన మీద డ్రమ్స్ వాయించినవాడు హాల్ బ్లెయిన్ అనే అనుభవజ్ఞుడైన స్టూడియో కళాకారుడు. పాట గెలవడంతో ఆ పద్ధతే స్థిరపడిపోయింది. వేదిక మీద కూడా ఒత్తిడి మొదలైంది. ఆమె పొడవు అయిదడుగుల నాలుగు అంగుళాలు. డ్రమ్ సెట్టుకు బిగించిన సింబళ్ళ (కంచు పళ్ళేల) వెనక కూర్చుంటే జనానికి తల పైభాగం మాత్రమే కనిపించేది. పాడే మనిషి కనబడడం లేదని విమర్శకులు రాశారు, నిర్వాహకులు చెప్పారు, చివరికి రిచర్డ్ కూడా అదే మాట అన్నాడు. ఆమెకు ఇష్టం లేకపోయినా ఒప్పుకుంది. 1971లో వేదిక కోసం వేరే డ్రమ్మర్‌ను పెట్టుకున్నారు. ఆ తరువాత కచేరీల్లో కొద్దిసేపు మాత్రమే ఆమె సెట్టు దగ్గరికి వెళ్ళేది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వాద్యం చేతిలో ఉన్న మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎటు చూడాలి అన్న బెంగ ఉండదు, ఎందుకంటే చూపు, చేయి, మనసు లయకు అప్పజెప్పి కూర్చుంటాడు. ఆ వాద్యాన్ని తీసేసి అయిదువేల మంది ఎదుట నిలబెట్టితే, ఆ అయిదువేల మంది చూసేది ఇక ఒంటినే. కారెన్‌కు జరిగిన మొదటి అన్యాయం అది అని నేను నమ్ముతాను.

జవాబు: మంద్రస్థాయి

మృదంగం గారు రాసిన వివరాలు చాలావరకు నేనూ చదివినవే, వాటి పట్ల నాకు గౌరవం ఉంది. కానీ ఆయన చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను, అందుకు కారణం చివర్లో చెబుతాను. ముందు ఆమె గొంతు గురించి మాట్లాడాలి. ఎందుకంటే ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు, ఆమెను ప్రపంచం గుర్తుపెట్టుకున్నది మాత్రం దానివల్లనే.

మన సినిమా పాట వింటూ పెరిగిన చెవులకు ఆడగొంతు అంటే ఎక్కువగా తారస్థాయి. కారెన్ గొంతు అందుకు విరుద్ధం. పాశ్చాత్యులు కాంట్రాల్టో అంటారు, ఆడవారి గొంతుల్లో అన్నింటికన్నా కింది శ్రేణి. కర్ణాటక సంగీతంలో డి.కె. పట్టమ్మాళ్ గారి గంభీరమైన కంఠం విన్నవారికి నేనేమంటున్నానో వెంటనే బోధపడుతుంది. కారెన్ మొదట్లో పై స్థాయిలో పాడేదని, కింది స్థాయిలోనే అసలు సంపద ఉందని తరువాత తెలిసిందని రిచర్డ్ చెప్పేవాడు. అప్పటి నుంచి ఆమె పాటలన్నింటికీ శ్రుతిని దించి కట్టాడు. లాంగ్ బీచ్‌లోని విశ్వవిద్యాలయంలో బృందగానం నేర్పిన ఫ్రాంక్ పూలర్ దగ్గర ఆమె గాత్రపాఠాలు చెప్పుకుంది. సహజంగా ఉన్న ఆ గొంతును శాస్త్రీయ మూసలో పోసి మార్చాలని ఆయన చూడలేదు. గురువులు చేసే మంచిపనుల్లో ఇదొకటి అనుకుంటాను.

మంద్రస్థాయిలో పాడడం తేలిక అని చాలామంది పొరబడతారు. కిందికి దిగేకొద్దీ గొంతులో గాలి ఎక్కువై స్వరం పలచబడుతుంది, శ్రుతి జారుతుంది. కారెన్ విషయంలో దిగేకొద్దీ స్వరం చిక్కబడుతుంది. పైగా ఆమె బిగ్గరగా పాడదు, మైకుకు దగ్గరగా, పక్కన కూర్చున్న మనిషితో చెబుతున్నట్టు పాడుతుంది. 1971లో వచ్చిన 'సూపర్‌స్టార్' పాట మొదటి చరణం హెడ్‌ఫోన్‌లో వినండి. మాట మొదలయ్యే ముందు తీసుకునే ఊపిరి కూడా వినిపిస్తుంది. ఆ పాట గురించి రిచర్డ్ తరువాత చెప్పిన సంగతి ఒకటి ఉంది. స్టూడియోలో వాద్యాలవారికి ఆధారంగా ఉండాలని, తరువాత ఎలాగూ మళ్ళీ పాడిస్తాం కదా అని, ఒక కాగితపు న్యాప్‌కిన్ మీద సాహిత్యం గీకి ఆమె చేతికిచ్చాడట. దాన్ని చూస్తూ ఆమె ఒక్కసారి పాడింది. మళ్ళీ పాడించవలసిన అవసరం రాలేదు. మనం ఇన్నేళ్ళుగా వింటున్నది ఆ మొదటి ప్రయత్నమే.

'గుడ్‌బై టు లవ్' ఇంకొక ఉదాహరణ. 1972 నాటి ఆ పాటను రిచర్డ్, జాన్ బెటిస్ కలిసి కట్టారు. పాదాలు ఎంత పొడవంటే మధ్యలో ఊపిరి తీసుకోవడానికి చోటే ఉండదు. పాడి చూడండి, రెండో పాదం దగ్గరే దమ్ము సరిపోదు. ఆమె మాత్రం ఎక్కడ ఊపిరి పీల్చిందో తెలియనివ్వదు. అందులో టోనీ పెలూసో వాయించిన కరకు ఎలక్ట్రిక్ గిటారు మెత్తటి పాటల అభిమానులకు కొందరికి కోపం తెప్పించి, తిట్టుతూ ఉత్తరాలు రాసేలా చేసింది. ఈ రోజు వింటే ఆ గిటారే ఆ పాటకు వెన్నెముక.

పాట వెనక వినిపించే బృందస్వరాలు కూడా వేరెవరివో కావు. అన్నాచెల్లెళ్ళిద్దరే ఒక్కొక్క వరుసను పాడి, దాని మీద మళ్ళీ పాడి, పొరలు పొరలుగా టేపు మీద పేర్చేవారు. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరి ఉచ్చారణ, విరుపు ఒకటే కావడం వల్ల ఆ స్వరాలు అంత అతుక్కుపోతాయి. నా మటుకు నాకు కార్పెంటర్స్ సంగీతంలో అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే, దీని గురించి విడిగా ఒక వ్యాసమే రాయవచ్చు.

ఇక మృదంగం గారి మాట. ఆమెను డ్రమ్స్ నుంచి లేపడం ఆమెకు ఇష్టం లేని పని అన్నది నిజం. కానీ దానినే ఆమె జబ్బుకు మూలంగా చూపడం తొందరపాటు అవుతుంది. ఆమె వైద్యుడి సలహాతో మొదటిసారి ఆహార నియమం మొదలుపెట్టింది 1967లో, పదిహేడేళ్ళ వయసులో. అప్పటికి రికార్డు కంపెనీ లేదు, అయిదువేల మంది లేరు, డ్రమ్స్ ఆమె దగ్గరే ఉన్నాయి. మనిషి జీవితాన్ని ఒక్క మలుపుకు వేలాడదీస్తే మిగతాదంతా కనబడకుండా పోతుంది.

జవాబు: లాంగ్ బీచ్ తెలుగు

నేను లాస్ ఏంజెలెస్ దగ్గర ఉంటాను, డౌనీ మా ఇంటికి అరగంట దూరం. అపోలో వ్యోమనౌక తయారైన కర్మాగారం ఉన్న ఊరు అది. అరవైల్లో అక్కడ పెరగడమంటే శ్రమించి పైకి వచ్చే మధ్యతరగతి ఇళ్ళ మధ్య పెరగడమే. కార్పెంటర్ల తండ్రి హెరాల్డ్ అచ్చు పని చేసేవాడు. వాళ్ళిద్దరూ చదివిన విశ్వవిద్యాలయంలో 1994లో వారి పేరు మీద ఒక రంగస్థల కేంద్రం వెలిసింది. కచేరీలు వినడానికి నేను రెండుసార్లు వెళ్ళాను.

పై ఇద్దరూ చెప్పని ఒక దశను కలుపుతాను. 1972 నుంచి 1974 వరకు వారు ఏటా 150కి పైగా కచేరీలు ఇచ్చారు. ప్రయాణం, హోటలు, వేదిక, స్టూడియో, మళ్ళీ ప్రయాణం. 1973లో అధ్యక్షుడు నిక్సన్ పిలుపు మీద శ్వేతసౌధంలో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ గౌరవార్థం పాడారు. 1974లో టోక్యోలోని బుడోకాన్‌లో పాడారు, జపాన్‌లో వారి ఆదరణకు ఈనాటికీ తరుగు లేదు. 1975 చివర్లో బ్రిటన్, జపాన్ పర్యటనలను కారెన్ అనారోగ్యం వల్ల రద్దు చేయవలసి వచ్చింది. ఇటు రిచర్డ్ నిద్రమాత్రలకు బానిసై 1979 మొదట్లో కాన్సాస్‌లో చికిత్సకు చేరాడు.

అన్న చికిత్సలో ఉండగా కారెన్ న్యూయార్క్ వెళ్ళి, ఫిల్ రమోన్ అనే నిర్మాతతో సొంతంగా ఒక ఆల్బమ్ మొదలుపెట్టింది. జీవితంలో మొదటిసారి అన్న లేకుండా, తనకు నచ్చిన పాటలు తను ఎంచుకుని, నెలల తరబడి పాడింది. డబ్బు కూడా చాలావరకు ఆమెదే. 1980లో పూర్తయిన ఆ రికార్డును కంపెనీ పెద్దలు, రిచర్డ్ విని మెచ్చుకోలేదు, దాంతో విడుదల ఆగిపోయింది. అదే ఏడాది ఆగస్టు 31న ఆమెకు పెళ్ళయింది, ఏడాది తిరిగేసరికి ఆ కాపురం విచ్ఛిన్నమైంది. ఆగిపోయిన ఆల్బమ్ ఆమె పోయిన 13 ఏళ్ళకు, 1996లో బయటికి వచ్చింది. అన్నీ గొప్ప పాటలని చెప్పను. కొన్నింటిలో ఆమె గొంతును అలవాటు లేని పైస్థాయికి ఎక్కించారు, అక్కడ ఆమె ఆమెలా వినిపించదు. అయినా ఆ రికార్డును ఆనాడే విడుదల చేసి ఉండవలసిందని నా గట్టి నమ్మకం. తప్పో ఒప్పో జనం ఎదుట తేలే హక్కు ఆమెకు ఉంది. ఆ ఆల్బమ్‌ను ఆమె అంకితమిచ్చింది తన అన్నకే.

జవాబు: వైద్యురాలు, గుంటూరు

సికింద్రాబాద్‌వాసి గారికి, మీ రెండో ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. నేను మానసిక వైద్యంలో పని చేస్తున్నాను.

కారెన్‌కు వచ్చిన జబ్బు పేరు అనొరెక్సియా నెర్వోసా. ఈ పేరును విలియం గల్ అనే ఆంగ్ల వైద్యుడు 1870లలోనే పెట్టాడు, కాబట్టి ఇది నేటి సినిమాలూ ఫోన్లూ తెచ్చిన జబ్బు కాదు. అయితే కారెన్ జబ్బుపడిన రోజుల్లో సామాన్య జనానికి, చాలామంది వైద్యులకు కూడా దీని గురించి తెలిసింది తక్కువ. ఆకలి లేకపోవడం ఈ జబ్బు లక్షణం కాదు. ఆకలి వేస్తుంది, తింటే ఏమవుతుందోనన్న భయం ఆ ఆకలిని మించిపోతుంది. ఒళ్ళు ఎంత చిక్కినా అద్దంలో తనకు లావుగానే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు "నాలుగు ముద్దలు ఎక్కువ తింటే సరిపోతుంది కదా" అనుకుంటారు. సరిపోదు, అది మొండితనం కాదు గనుక. ఈ జబ్బుకు ఒకే కారణం చూపలేము. పుట్టుకతో వచ్చే స్వభావం, అన్నీ తప్పు లేకుండా చేయాలన్న పట్టుదల, చుట్టుపక్కల మాటలు, మొదలుపెట్టిన ఉపవాసం శరీరంలో తెచ్చే మార్పులు, అన్నీ ముడిపడి ఉంటాయి. ఈ విషయంలో నేను మంద్రస్థాయి గారి జాగ్రత్తను సమర్థిస్తాను. అలాగని మృదంగం గారు చెప్పిన వేదిక మీది బెంగను తోసిపుచ్చను. ఉన్న నిప్పుకు అది గాలి అయి ఉండవచ్చు.

1982లో కారెన్ న్యూయార్క్‌లో ఒక చికిత్సకుని దగ్గర చేరింది, ఆ సెప్టెంబరులో ఆసుపత్రిలో కూడా ఉంది. నవంబరులో ఇంటికి తిరిగి వచ్చింది, మళ్ళీ పాడాలన్న ఆలోచనలో ఉంది. 1983 ఫిబ్రవరి 4 ఉదయం డౌనీలో తల్లిదండ్రుల ఇంట్లో కుప్పకూలిపోయింది. ఏళ్ళ తరబడి జబ్బుతో దెబ్బతిన్న గుండె ఆగిపోయింది. అప్పటికి ఆమె వయసు 32. బరువు కొంత తిరిగి వచ్చినంత మాత్రాన ప్రమాదం గడిచినట్టు కాదని వైద్యులు ఇప్పుడు గట్టిగా చెప్పడానికి ఇలాంటి మరణాలు కూడా కారణం. ఆమె పోయిన తరువాతనే ఈ జబ్బు పేరు పత్రికల్లో, టెలివిజన్‌లో, ఇళ్ళల్లో వినబడింది, ఎందరో తల్లిదండ్రులు తమ పిల్లలను వైద్యుని దగ్గరికి తీసుకువచ్చారు.

మీ అమ్మాయికి ఆమె చనిపోయిన సంగతి దాచకండి, వెతికితే తనకే దొరుకుతుంది. జబ్బు వచ్చింది, సాయం ఆలస్యంగా అందింది, గుండె దెబ్బతింది అని చెప్పండి. ఆమె ఎన్ని కిలోలు ఉండేది, ఏమి మానేసింది, ఏమి మింగింది అన్న వివరాలు మాత్రం వద్దు. ఆ అంకెలు కొందరు పిల్లలకు హెచ్చరికగా కాక లక్ష్యంగా పనిచేస్తాయి. చిక్కిన రోజుల ఫొటోలు కూడా చూపవద్దు.

ఇంట్లో మాట్లాడే మాటలు కూడా గమనించండి. మన చుట్టాలు గడపలోకి అడుగుపెట్టగానే "కాస్త ఒళ్ళు చేశావే" అనో, "ఎంత చిక్కిపోయావు" అనో పలకరిస్తారు. ప్రేమతోనే అంటారు, కానీ పద్నాలుగేళ్ళ పిల్ల ఆ మాటను గదిలోకి తీసుకువెళ్ళి అద్దం ముందు పెట్టుకుంటుంది. రెండోసారి వడ్డించుకోకపోవడం ఒక్కటే జబ్బు కాదు. భోజనాలు దాటవేయడం, అందరితో కూర్చుని తినకపోవడం, తిన్న వెంటనే స్నానాలగదికి వెళ్ళడం, నెలసరి ఆగిపోవడం, త్వరత్వరగా బరువు తగ్గడం, ఎప్పుడూ చలి అనడం వంటివి గమనిస్తే ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యునికో, మానసిక వైద్యునికో చూపించండి. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. తిట్టి తినిపించవద్దు, పక్కన కూర్చుని తినండి.

జవాబు: సికింద్రాబాద్‌వాసి

మీ అందరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. వైద్యురాలు గారూ, మీ జవాబు మా వారికి కూడా చదివి వినిపించాను. పోయిన నెల పెళ్ళిలో మా బంధువు ఒకరు అమ్మాయితో అన్న మాట నాకు అప్పుడు పట్టలేదు, మీరు రాసింది చదివాక గుర్తుకొచ్చింది. రాత్రి తనతో మాట్లాడాను. మొదట ఏమీ లేదంది, కాసేపటికి ఆ పెళ్ళి సంగతే తను చెప్పింది. వచ్చే వారం పిల్లల డాక్టరు గారిని ఒకసారి కలవాలని నిర్ణయించుకున్నాం.

కారెన్ గురించి మీరు చెప్పినట్టే, అంకెలు లేకుండా చెప్పాను. చాప్‌స్టిక్స్ సంగతి విని నవ్వింది. 'టేక్ ఫైవ్' వెతికి పట్టుకుని నిన్నటి నుంచి ప్రాక్టీస్ ప్యాడ్ మీద అయిదు మాత్రలు కొడుతోంది. పక్కింటివారు ఇంతవరకు ఏమీ అనలేదు. తన కొత్త ప్రశ్న ఇది: 1971 తరువాత కారెన్ రికార్డుల్లో కూడా డ్రమ్స్ పూర్తిగా మానేసిందా? ఆమె వాయించినది ఆమె పాడిన పాటలోనే వినాలని తన కోరిక.

జవాబు: మృదంగం, రాజమండ్రి

మంద్రస్థాయి గారు, వైద్యురాలు గారు చెప్పినదాన్ని ఒప్పుకుంటున్నాను. జబ్బు సంగతి నేను అనవలసిన మాట కాదు. వాద్యం దూరమైన బాధ గురించి మాత్రం నా మాట నాదే.

అమ్మాయికి మంచి వార్త చెప్పండి. ఆమె పూర్తిగా మానలేదు. 1973లో వచ్చిన 'నౌ అండ్ దెన్' ఆల్బమ్‌లో ఒక్క పాట తప్ప మిగతా అన్నింటికీ డ్రమ్స్ వాయించింది కారెనే, 'ఎస్టర్‌డే వన్స్ మోర్' కూడా అందులోదే. ఆ పాటను మొదటిసారి గొంతు కోసం వినమనండి, రెండోసారి గొంతును పక్కనపెట్టి డ్రమ్స్ ఒక్కటే వినమనండి. ఆడంబరమేమీ లేదు. చరణంలో అణిగి ఉండి, పల్లవి అందుకునే చోట ఒక చిన్న ముక్తాయింపు లాంటిది వేసి, మళ్ళీ పాటకు దారి వదులుతుంది. పాడే మనిషికి ఎక్కడ చోటు కావాలో తెలిసినవాళ్ళు వాయించే తీరు అది.

రెండూ ఒకేసారి చేసిందా అని అడుగుతుందేమో. స్టూడియోలో మామూలుగా అలా చేయరు. ముందు డ్రమ్స్, బేస్, పియానో కలిపి టేపు మీద ఎక్కిస్తారు. ఆ తరువాత పాడేవారు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆ టేపు వింటూ పాడతారు. కాబట్టి ఆ పాట పాడుతున్నప్పుడు కారెన్ చెవిలో మోగుతున్నది తన చేతులతో తాను వాయించిన డ్రమ్సే.

అయిదు మాత్రల నడక కుదిరాక ఏడు మొదలుపెట్టమనండి. మిశ్రచాపు చెప్పే పద్ధతి కావాలంటే నాకు రాయండి, జతులు (నోటితో పలికే తాళపు సొల్లులు) రాసి పంపుతాను.